అతుకు కనిపించని చెయ్యి

రాయప్ప మేస్త్రికి ఉన్న గర్వమల్లా ఒక్కటే. ఆయన వేసిన అతుకు ఆయన చూపిస్తే తప్ప ఎవడికీ కనిపించదు. తాళ్లరేవులో నలభై ఏళ్ళు చెక్క పడవలు కట్టిన మనిషి. అక్కడి మేస్త్రీల లెక్కలో పుచ్చిన పలక తీసి కొత్త ముక్క వెయ్యడం పనే కాదు. వేసినట్టు తెలియకుండా వెయ్యడం పని. "అతుకు కనబడిందంటే ఆ మేస్త్రి తలొంచుకుని ఊరొదిలిపోవాల్రా" అనేవాడు వాళ్ళ నాన్న. అలా ఊరొదిలి పోయినవాళ్ళెవరూ లేరనుకోండి. కాని రాయప్ప ఆ మాటను అరవై ఏళ్ళొచ్చేదాకా గుండెకి కట్టుకుని తిరిగాడు. చివరికి ఆ గర్వమే ఆయన కొంప ముంచింది. ఎలా ముంచిందో చెబుతాను.

తొంభై ఆరు తుఫానులో ఆయన షెడ్డు కొట్టుకుపోయింది. అప్పటికే ఫైబరు పడవలొచ్చి చెక్క మేస్త్రీల నోట్లో మట్టి కొట్టాయి. భార్య సువర్ణకుమారి అంతకు ముందే పోయింది. చేతిలో పని లేక, పొద్దస్తమానం రేవు వైపు చూస్తూ కూర్చునే తండ్రి సంగతి విని, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో నర్సు ఉద్యోగం చేస్తున్న కూతురు ప్రిస్సిల్లా తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో ఆయన్ని ఏడాది టూరిస్టు వీసా మీద రప్పించుకుంది. ఇల్లు కానింగ్ వేల్‌లో. అక్కడ ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. మొదటి నెలలో రాయప్ప రెండుసార్లు పక్కింటి తలుపు కొట్టాడు.

అల్లుడు ఎబెన్ కంప్యూటర్ మనిషి. ఆ ఏడాది కంప్యూటర్ మనుషులకి కొత్తల్లుళ్ళ మర్యాద జరిగింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి రెండు సున్నాలు కనిపించి తిక్క రేగుతుందనీ, బ్యాంకులు మునుగుతాయనీ, విమానాలు రాలతాయనీ లోకమంతా గుండెలు బాదుకుంటోంది మరి. ఎబెన్‌ని వాళ్ళ కంపెనీ ఫ్రీమాంటిల్ రేవులో ఉన్న ఒక ట్రస్టుకి అద్దెకిచ్చినట్టు ఇచ్చింది. ఆ ట్రస్టు చేతిలో ఒక పాత యుద్ధనౌక ఉంది. దాని పేరు స్టెడ్‌ఫాస్ట్. తెరచాపల మీద నడిచిన చెక్క ఓడ, పద్దెనిమిది ఫిరంగులది, ఇప్పుడు నీళ్ళలోంచి తీసి గట్టున దిమ్మల మీద నిలబెట్టారు. పద్దెనిమిది వందల పన్నెండులో ఇండియాలో టేకుతో కట్టారని మాత్రం కాగితాల్లో ఉంది, ఏ రేవులో కట్టారో లేదు. దాన్ని జాతీయ సంపదగా ప్రకటింపజేసుకోవాలని ట్రస్టు వాళ్ళ తపన. అది జరగాలంటే ఓడలో సగానికి పైగా మొదట వేసిన చెక్కే ఉండాలి. ఏ పలక మొదటిది, ఏది తరవాత వేసింది అని జాబితా ఉండాలి. ఆ జాబితాని పాత కంప్యూటర్లోంచి కొత్త కంప్యూటర్లోకి ఎక్కించడం ఎబెన్ పని.

ఒక ఆదివారం చర్చి అయ్యాక, ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు లెమ్మని, ఎబెన్ మామగారిని ఓడ చూపించడానికి తీసుకెళ్ళాడు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. ఎబెన్ ఆ రోజు మామగారిని ఏ బీచికో తీసుకెళ్ళి ఉంటే ఈ కథే లేదు.

రాయప్ప ఓడ కుడి పక్కన నడుస్తూ వేళ్ళ కణుపులతో పలకల మీద కొట్టుకుంటూ వెళ్ళాడు. పదకొండు చోట్ల ఆగి సుద్దముక్కతో గీతలు పెట్టాడు. ఓడ వడ్రంగుల పెద్ద డగ్ అనే ఆయన, ఎర్రటి మొహం, బొద్దు గడ్డం, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. డగ్ తన జేబులోంచి చాకు తీసి మొదటి గీత దగ్గర గుచ్చాడు. పైకి గట్టిగా ఉన్న పలకలో చాకు వెన్నలో దిగినట్టు దిగింది. పదకొండు చోట్లా అంతే. డగ్ పెద్దగా నవ్వి, గోడకి తగిలించిన తన బాడిస తీసి రాయప్ప చేతికిచ్చాడు. వడ్రంగి తన బాడిస ఇంకొకడి చేతికివ్వడమంటే ఏమిటో రాయప్పకి తెలుసు. ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆ పూటే ఓడ కడుపులోకి దిగాడు. అడుగు దూలాన్ని ఆనుకుని ఎడమ పక్క మొదటి పలక దగ్గర మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. బ్యాటరీ లైటు దగ్గరగా పెట్టి, ఎబెన్‌ని కేకేశాడు.

"బాబూ, ఇలా రండి. ఇది సూడండి. ఇది మాదండి."

"మీదేంటి మావయ్యగారూ?"

"మా కోరంగోళ్ళదండి. కన్నండి ఇది. కనబడతందా?"

పలక లోపలి వైపు, రూపాయి బిళ్ళంత చేపకన్ను. రెండు వంపు గీతలు, మధ్యలో చుక్క. తాళ్లరేవు పక్కనే ఉన్న కోరంగి రేవులో ఓడ మొదలెట్టేటప్పుడు మొదటి పలక బిగించే మేస్త్రి దాన్ని ఉలితో చెక్కుతాడు. ఎవరూ చూడని చోట చెక్కాలి, ఓడ సొంతదారుకి చెప్పకూడదు. సొంతదారు పేరు ఓడ ముక్కు మీద, కట్టినవాడి కన్ను ఓడ కడుపులో. చీకట్లో ఓడకి దారి కనబడడానికట. రాయప్ప తాతగారు క్రీస్తు మతంలోకి వచ్చాక కన్ను కింద చిన్న సిలువ గీత కలిపాడు గాని కన్ను మాత్రం మానలేదు. ఈ కన్ను కింద సిలువ లేదు. అంతకు ముందుదన్నమాట.

"ఈ ఓడ మా రేవులో కట్టిందండి బాబూ. ఇదిగో సాచ్చికం. ఇక్కడ ఎవరికీ తెలదు. మీరు రాయించాలండి, ఆయ్. కోరంగిలో కట్టేరని రాయించండి. ఇంకేం అక్కర్లేదు నాకు."

"చెబుదాం మావయ్యగారూ. టైమొచ్చినప్పుడు చెబుదాం" అన్నాడు ఎబెన్, వాచీ చూసుకుంటూ.

మర్నాటి నుంచి రాయప్ప రోజూ ఓడ దగ్గరే. జీతం లేదు. నీలం టీషర్టు ఇచ్చారు, వీపు మీద వాలంటీర్ అని ఉంటుంది. డగ్‌కి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు పది మాటలకి మించి రాదు. అయినా ఇద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడుకుంటూనే ఉండేవారు, చెక్క చూపించుకుంటూ. పదకొండు పలకలూ రాయప్పే వేశాడు. ఆంగ్లేయులు సందుల్లో తారు పోస్తారు. ఈయన తాత ముత్తాతల పద్ధతిలో పత్తి కూరి, గుగ్గిలం నూనెలో మరిగించి పట్టించాడు. ఫ్రీమాంటిల్‌లో గుగ్గిలం ఎక్కడ దొరుకుతుంది? ప్రిస్సిల్లా పెర్త్‌లో ఒక ఇండియన్ షాపులో సాంబ్రాణి పక్కన పెట్టిన పొట్లాలన్నీ కొనుక్కొచ్చింది.

ఇక్కడ రెండు సంగతులు జరిగాయి. రెండూ గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఆ పనంతా ఎక్కడా రాయలేదు. టూరిస్టు వీసా మీద వచ్చినవాడు ఓడకి పలక వేశాడని కాగితం మీద పెడితే ఇన్సూరెన్సు వాళ్ళు ఒప్పుకోరు, ట్రస్టు వాళ్ళు డగ్ ఉద్యోగం పీకుతారు. అందుకని డగ్ ఏమీ రాయలేదు. ఎబెన్ జాబితాలోకీ అది ఎక్కలేదు.

రెండోది, డగ్ నీతిగల మనిషి. కాగితం అబద్ధం చెప్పినా చెక్క చెప్పకూడదనేవాడు. కొత్తగా వేసిన ప్రతి పలక మీదా వేసిన సంవత్సరం ఇనుప అచ్చుతో కాల్చి ముద్ర వెయ్యాలి. పాత ఓడలు కాపాడేవాళ్ళకి అది మొదటి నియమం. పదకొండు పలకల మీదా 1999 అని తనే దగ్గరుండి వేయించి, ఇద్దరు మనుషుల్ని తీసుకుని తెరచాప స్తంభాల పనికి వెళ్ళిపోయాడు. ఆ ముద్రలు చూస్తుంటే రాయప్పకి ఒళ్ళు మండిపోయింది. చినిగిన చీరకి మాసిక వేసి, ఇదుగో ఇక్కడ మాసిక ఉందని పెద్దక్షరాల్లో రాస్తారా ఎక్కడన్నా? నాన్న చూస్తే ఏమంటాడు? వారం రోజులు ఓర్చుకున్నాడు. ఎనిమిదో రోజున చిత్రిక తీసుకుని పదకొండు ముద్రలూ గీసి పారేశాడు. తుప్పు మేకులు నానబెట్టిన వెనిగరు, టీ డికాక్షను, చేపనూనె ఒకదాని తరవాత ఒకటి పట్టించి, రెండు వందల ఏళ్ళ రంగు తెప్పించాడు. అయిపోయాక పది అడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుంటే, తనేసినవి ఏవో తనకే తెలియలేదు. ఆ రాత్రి కూతురు చేసిన చేపల పులుసు మరో రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

నవంబరులో కాన్‌బెర్రా నుంచి డాక్టర్ మార్గరెట్ వచ్చింది. పాత ఓడల మీద పుస్తకాలు రాసిన మనిషి. ఓడలో ఏది మొదటిదో, ఏది కాదో తేల్చేది ఆవిడే. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెరిచిందని సామెత. ఈవిడ గాడిద కాదు, పాపం, చాలా చదువుకుంది. కాని చదువుకున్నవాళ్ళు తప్పు చేస్తే దిద్దేవాడు ఉండడు.

మూడు రోజులు భూతద్దం పెట్టి చూసింది. మూడో రోజు మధ్యాహ్నం అందరినీ ఓడ కుడి పక్కన పోగేసి, రాయప్ప వేసిన పలకల మీద అరచెయ్యి పెట్టింది. ఇవి నిస్సందేహంగా మొదటి చెక్క, పద్దెనిమిది వందల పన్నెండు నాటివి, ఇంత సన్నని అతుకు ఈ కాలపు చేతులకి సాధ్యం కాదు, ఆంగ్లేయ ఇంజనీర్ల కనుసన్నల్లో పెద్ద రేవులో జరిగిన పని అంది. డగ్ కళ్ళు పలకల మీద ముద్రల కోసం వెతికాయి. ఒక్కటీ లేదు. ఆయన మెల్లిగా తలతిప్పి రాయప్పను చూశాడు. ఆ చూపులో తిట్టు లేదు, అంతకన్నా హీనమైనదేదో ఉంది. తరవాత ఆయన నేల చూపులు చూశాడు.

అక్కడి నుంచి ఆవిడ అందరినీ కిందకి దింపి, కన్నున్న పలక దగ్గర నిలబడింది. ఇది తరవాతెప్పుడో ఏదో తూర్పు రేవులో వేసిన మోటు మరమ్మతు, చూడండి ఎవరో కుర్రకూలీ గీసిన పిచ్చి గీత కూడా ఉంది, దీన్ని తీసేసి అసలు పద్ధతిలో కొత్తది వెయ్యాలి అంది.

రాయప్పకి మాటలు అర్థం కాలేదు గాని ఆవిడ బూటు కొన కన్ను మీద తట్టడం అర్థమైంది. ఆయన అల్లుడి మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఏవంటందండి ఆవిడ?"

ఎబెన్ చెప్పాడు. గొంతు తగ్గించి, సగం మింగి చెప్పాడు.

"తప్పండి బాబూ! శుద్ధ తప్పు. పైన ఉన్నయ్యి నేనేసినయ్యి. ఇదే పాతది. అడుగు దూలం పక్కన మొదటి పలక మార్చాలంటే ఓడంతా ఇప్పాలండి, అది కూడా తెలదా? చెప్పండి ఆవిడకి. ఇప్పుడే చెప్పండి."

"మావయ్యగారూ, ప్లీజ్. ఇప్పుడు కాదు."

"ఇంకెప్పుడండి? టైమొచ్చినప్పుడు చెబుదాం అన్నారు గదా. ఇదేగా టైము?"

డాక్టర్ మార్గరెట్ నవ్వుతూ ఇటు తిరిగింది. ముసలాయన ఏమంటున్నాడని అడిగింది. ఎబెన్ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో అతని బుర్రలో ఏం తిరిగిందో చెప్పడం కష్టం కాదు. పదకొండు పలకలు కొత్తవని తేలితే లెక్క సగం కన్నా కిందకి దిగిపోతుంది, ఓడకి బిరుదు రాదు. డగ్ ఉద్యోగం పోతుంది. టూరిస్టు వీసా మామగారి చేత పని చేయించారని కాగితాలు తిరగేస్తారు. ఎబెన్, ప్రిస్సిల్లాల పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తు అప్పటికి ఇమిగ్రేషన్ ఆఫీసులో ఉంది, కంపెనీ హామీ మీద. ట్రస్టు పని ఉంటేనే కంపెనీకి ఎబెన్ కావాలి.

"ఇంత గొప్ప ఓడను చూడడం తన అదృష్టం అంటున్నారు" అన్నాడు ఎబెన్ ఇంగ్లీషులో.

రాయప్పకి ఆ ఇంగ్లీషు రాకపోయినా ఆవిడ మొహంలో పూసిన నవ్వు చూసి తను చెప్పింది అల్లుడు చెప్పలేదని తెలిసిపోయింది. తనకున్న పది మాటలూ పోగేసుకున్నాడు. కన్ను మీద చెయ్యి పెట్టి "దిస్ ఓల్డ్" అన్నాడు. పైకి చూపించి, తన రెండు చేతులూ చాచి, "దట్, మై హ్యాండ్. మై హ్యాండ్, మేడమ్" అన్నాడు.

ఆవిడకి కళ్ళు చెమర్చాయి. ఆయన చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని, అవును, మంచి పనిని చేతులే గుర్తుపడతాయి అంది. తరవాత టీ తాగడానికి పైకి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో రాయప్ప ఒక్క మాటే అన్నాడు. "నా నోరు మీకిచ్చేను బాబూ. మీరు అమ్ముకున్నారు." ఎబెన్ స్టీరింగు మీంచి చూపు తిప్పలేదు.

ఎబెన్‌ని తిట్టడం తేలిక. కాని పలకల మీద ముద్రలు ఉండి ఉంటే ఎవరి నోరూ అక్కర్లేకపోయేదని రాయప్పకీ తెలుసు. ఆ చిత్రిక పట్టింది ఎబెన్ కాదు. ఆ సంగతే ఆయన్ని లోపల కోసింది.

రెండువేల సంవత్సరం వచ్చింది. బ్యాంకులు మునగలేదు, విమానాలు రాలలేదు. కొండను తవ్వి ఎలుకను కూడా పట్టలేదు. జనవరి మొదటి వారంలోనే ఎబెన్ కంపెనీ సగం మందిని ఇంటికి పంపింది. కొత్తల్లుళ్ళ మర్యాద పోయి, అరువు బేరగాళ్ళ మర్యాద వచ్చింది. ఎబెన్ మాత్రం మిగిలాడు. ఓడ ప్రకటన కాగానే ట్రస్టు మరో రెండేళ్ళకి కాంట్రాక్టు రాస్తామంది కాబట్టి. ప్రకటన ఇరవై ఆరో తారీకున, ఆస్ట్రేలియా డే నాడు. మంత్రి వస్తున్నాడు.

ఇరవయ్యో తారీకుకి బయటి పనివాళ్ళు వచ్చి, ఓడ ఇప్పే పని లేకుండా, కన్నున్న పలకని కరెంటు రంపంతో ముక్కలుగా కోసి పైకి లాగారు. రాయప్ప చెత్త తొట్టి దగ్గర నిలబడి ఆ కన్నున్న ముక్క ఒక్కటి ఇమ్మని సైగలతో అడిగాడు. కుదరదన్నారు. ఓడలోంచి తీసింది బొగ్గుముక్క కూడా బయటికి పోకూడదు, రూలు. డగ్‌ని అడిగాడు. చూస్తాను మేట్ అన్నాడు డగ్, మొహం చూడకుండా.

ఇరవై అయిదో తారీకు మధ్యాహ్నం రేవు గట్టు మీద పనివాళ్ళందరికీ బార్బీ, అంటే మంట మీద మాంసం కాల్చుకు తినే విందు. సముద్రం మీంచి రోజూ వచ్చే చల్లగాలి మొదలైంది. రాయప్ప ఓడ కడుపులో కొత్త పలక ఉన్న చోట కూర్చుని ఉన్నాడు. కుట్టుమిషనులో కుట్టినట్టు తిన్నగా ఉంది అది, ప్రాణం లేకుండా. గాలితో పాటు పొగ దిగింది. ఆ పొగ ముక్కుకి తగలగానే ఆయన లేచి నిలబడ్డాడు. అక్కడి వాళ్ళ జారా కర్ర కాలితే ఆ వాసన రాదు. పాత టేకు కాలితేనే వస్తుంది, తోలూ నూనే కలిసిన వాసన.

మెట్లెక్కి గట్టు మీదకి పరుగెత్తాడు. సగానికి కోసిన ఇనప పీపాలో మంట. పైన జల్లెడ మీద సాసేజీలు చిటపటమంటున్నాయి. పీపా పక్కన తొట్టిలోంచి తెచ్చిన చెక్కముక్కల కుప్ప. కాళ్ళతో చేతులతో కుప్పంతా తిరగేశాడు. కన్ను లేదు. మంటలోకి చూశాడు. అడుగున ఒక ముక్క, రెండు వంపు గీతలు ఎర్రగా వెలుగుతున్నాయి, మధ్యలో చుక్క. చెయ్యి పెట్టబోతే ఎవరో వెనక్కి లాగారు. "జాగ్రత్త మేట్, వేడి" అని పళ్ళెంలో రొట్టె, సాసేజీ పెట్టి చేతికిచ్చారు. మంచివాళ్ళే. ఎవరికీ ఏ పాపమూ తెలియదు.

రాయప్ప పళ్ళెం కింద పెట్టాడు. కుప్పలోంచి జానెడు ముక్క ఒకటి, ఒక చివర మాడింది, తీసి చొక్కాలో దోపుకున్నాడు. ఓడ దగ్గరికి నడిచి, పనిముట్ల పెట్టెలోంచి ఉలి, కొయ్య సుత్తి తీసుకున్నాడు. కుడి పక్కన, రేపు మంత్రి నిలబడే చోట, తను వేసిన ఆరో పలక ముందు ఎర్ర తాడు కట్టి ఉంది. "మొదటి చెక్క, 1812. ముట్టుకోరాదు" అని బోర్డు. తాడు దాటి, నిదానంగా, తొందర లేకుండా, తెలుగు అక్షరాల్లో చెక్కాడు: రాయప్ప, తాళ్లరేవు, 1999. కింద కన్ను, దాని కింద సిలువ. జన్మలో మొదటిసారి, అందరికీ కనిపించే చోట చెక్కాడు.

ఆయన తిండి తినలేదని పళ్ళెం పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన డగ్ చూశాడు. తరవాత పళ్ళెం కింద పెట్టి, పోలీసుల్ని పిలవలేదు, ట్రస్టు వాళ్ళనీ పిలవలేదు, ఎబెన్‌ని పిలిచాడు. ఎబెన్ చూసి తల పట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

"ఏంటండీ మావయ్యగారూ ఇది? నా కొంప తీశారు కదండీ!"

"నా పని మీద నా పేరు రాసుకున్నాను బాబూ. దొంగతనం సెయ్యలేదు."

"నేషనల్ ట్రెజర్ అండీ ఇది! రేపు టెన్‌కి మినిస్టర్ వస్తున్నాడు. దీన్ని వాండలిజం అంటారు, కేసు పెడతారు."

"ట్రెజరు బార్బీలో కాలిపోయిందండి. మీరందరూ దాని మీద సాసేజీలు కాల్చుకు తిన్నారు" అన్నాడు రాయప్ప.

డగ్ మెల్లిగా ఏదో చెప్పాడు. ఎబెన్ ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. పది లోపల దాన్ని కప్పెయ్యాలట. కనిపించకుండా కప్పగల చెయ్యి ఈ దేశంలో ఒక్కటే ఉందట. రాయప్ప తల అడ్డంగా ఊపి కారెక్కాడు.

ఇంట్లో రాయప్ప అన్నం ముందు కూర్చున్నాడు గాని చెయ్యి కడుక్కోలేదు. ప్రిస్సిల్లా డ్యూటీ బట్టల్లోనే తండ్రి ఎదురుగా కూర్చుంది. జరిగిందంతా విన్నది.

"నాన్నా, నీదే నిజం. నాకు తెలుసు. ఈయన ఆ రోజు చెప్పి ఉండాల్సింది. కానీ ఇప్పుడు చెప్తే ఏమవుద్ది? ఆ కన్ను తిరిగొస్తదా?"

"రాదు."

"ఈ ఇల్లు పోద్ది. నా ఉద్యోగం పోద్ది. అయిదేళ్ళు పడ్డ పాట్లన్నీ పోతాయి. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు నాన్నా. ఒక్క అతుకు. కనబడకుండా వెయ్యడం నీకు రాదా?"

రాదా అంది. ఆయన్ని ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కూతురు మొహంలో సువర్ణకుమారి పోలిక కనిపించింది. రాయప్ప లేచి చెయ్యి కడుక్కుని అన్నం తిన్నాడు. తిన్నంతసేపూ నోట్లో పొగ వాసనే.

తెల్లారి అయిదింటికి, తూరుపు ఎరుపెక్కుతుండగా, ఎబెన్ ఆయన్ని ఓడ దగ్గర దింపాడు. డగ్ అప్పటికే వచ్చి పనిముట్లన్నీ నూరి వరసగా పెట్టి ఉంచాడు. గుగ్గిలం కూడా మరిగించాడు. రాయప్ప తన పేరు చుట్టూ గీత గీసి, అంగుళం లోతున పలకని తొలిచి తీశాడు. రాయప్ప పోయాడు, తాళ్లరేవు పోయింది, కన్నూ సిలువా పోయాయి. ఆ గుంటలో వెయ్యడానికి కొత్త టేకు సరిపోదు, దానికి పాత రంగు తెప్పించే టైము లేదు. చొక్కాలోంచి జానెడు ముక్క తీశాడు. మాడిన చివర కోసేసి, బాడిసతో సవరించి, చిత్రిక పట్టాడు. చిత్రిక కింద రేగిన పొట్టు తేనెరంగులో మెరిసింది. రెండు వందల ఏళ్ళ కిందట కోరంగిలో ఎవడో మేస్త్రి ఎంచిన చెక్క. ఆ పదకొండు పలకల్లో ఆ మేస్త్రి చెయ్యి తగిలిన చెక్క ఇక ఈ జానెడు ముక్కే. అది తన పేరుని పూడ్చడానికి పనికొచ్చింది.

పని చేస్తున్నంతసేపూ ఆయన ఒక్కటే కోరుకున్నాడు. నలభై ఏళ్ళలో ఏనాడూ తప్పని చెయ్యి ఈ ఒక్కసారి తప్పాలి. వెంట్రుకవాసి సందు చాలు. రేపో, పదేళ్ళకో, భూతద్దం పట్టుకునే ఎవరో ఒకరు అక్కడ ఆగి, ఇదేమిటి ఇక్కడ అతుకుందే అని గోరుతో గీకి, కింద ఏముందో అడిగితే చాలు. కావాలని తప్పిద్దామని ఉలిని ఒకసారి వంచి కూడా చూశాడు. వేళ్ళు వాటంతట అవే సరిదిద్దుకున్నాయి. వాటికి వేరే విద్య తెలియదు.

పది గంటలకి బ్యాండు మోగింది. మంత్రి వచ్చాడు, డాక్టర్ మార్గరెట్ వచ్చింది, ఎబెన్ కోటు వేసుకుని మొదటి వరసలో నిలబడ్డాడు. వాలంటీర్లు వెనక, తాడుకి ఇవతల. ఆవిడ ఆరో పలక మీద చెయ్యి వేసి, ఇలాంటి చేతులు మళ్ళీ పుట్టవు అంది. జనం చప్పట్లు కొట్టారు.

అంతా వెళ్ళిపోయాక రాయప్ప తాడు కింద నుంచి దూరి పలక దగ్గరికి వెళ్ళాడు. కళ్ళు మూసుకుని బొటనవేలితో తడిమాడు. పైనుంచి కిందకి, ఎడం నుంచి కుడికి. అతుకు ఎక్కడ మొదలైందో దొరకలేదు. మళ్ళీ తడిమాడు.

"ముట్టుకోకూడదు మేట్" అన్నాడు కొత్తగా పెట్టిన కాపలావాడు, మర్యాదగానే.

రాయప్ప చెయ్యి తీసేశాడు. చెయ్యి తప్పలేదు.